ఏసీ ఆపి పాడిన పాటలు

కువైట్‌లో నన్నెరిగినవాళ్లు రెండు రకాలు. ఎగైలాలో ఒక పెద్ద మాల్‌లో ఏసీ యంత్రాలు చూసుకునే మెకానిక్‌గా ఎరిగినవాళ్లు కొందరు. గురువారం సాయంత్రాలు జుట్టు విరబోసుకుని, మైకు పట్టుకుని ఇంగ్లీషులో అరిచే మనిషిగా ఎరిగినవాళ్లు కొందరు. ఇద్దరూ ఒకడేనని చాలామందికి తెలియదు. డ్యూటీలో ఉన్నంతసేపూ జుట్టంతా టోపీలోకి దోపేసేవాణ్ణి మరి.

రాక్ గాయకుణ్ణి కావాలనుకుని నేను కువైట్ రాలేదు. మాది కోనసీమ. రేవు దగ్గర నిలబడి అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి కేకేసి పిలవడం తప్ప నా గొంతుతో నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. వచ్చిన రెండో ఏడు సాల్మియాలో ఒక ఫ్లాటులో ఏసీ చెడిపోయిందంటే వెళ్లాను. ఆ ఇంట్లో ఉండే గోవా అతను గిటారు వాయించుకుంటున్నాడు. పని అయ్యాక, మైకు పరీక్షించాలి, కాస్త ఏదో ఒకటి అరిచి చూడు భాయ్ అన్నాడు హిందీలో. రేవులో అరిచినట్టే అరిచాను. అతను గిటారు పక్కన పెట్టేశాడు. పై వారం నుంచి వాళ్ల బ్యాండులో నేనే గాయకుణ్ణి.

ఎనిమిదేళ్లు పాడాను. ఇంగ్లీషు పాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేవాణ్ణి. సగం మాటలకు అర్థం ఇప్పటికీ తెలియదు. స్కూళ్ల ఆడిటోరియాల్లోనూ, హోటళ్ల హాళ్లలోనూ మావాళ్లు డ్రమ్స్ దడదడలాడిస్తుంటే వాటిని మించి నేను అరిచేవాణ్ణి. కుర్రకారు కుర్చీలెక్కి గెంతేవాళ్లు. మన తెలుగువాళ్లు మాత్రం ఎప్పుడైనా వచ్చినా చెవులు మూసుకుని వెనక వరసలో కూర్చునేవాళ్లు. జాబ్రియాలో ఒక పిల్లల క్లినిక్‌లో నర్సుగా చేసే మా ఆవిడ మాత్రం ముందు వరసలో కూర్చునేది. నచ్చి కాదు. నేను పాడుతున్నానని.

పక్క దేశంలో యుద్ధం జరిగినప్పటి సైరన్లు ఆగిపోయి ఒకటి రెండేళ్లయిందేమో, ఒక గురువారం రెండో పాటలో, అందరూ ఎదురుచూసే ఎత్తైన చోటికి వెళ్లేసరికి నా నోటి నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. జనం మైకు పోయిందనుకున్నారు. గిటారు మిత్రుడు నా మొహం చూసి విషయం గ్రహించి, ఆ చోటంతా గిటారుతో నింపేశాడు. నేను పక్కకు వచ్చి నీళ్లు తాగాను. మర్నాటి పొద్దుటికి నా మాట, ఎండిన కొబ్బరాకు నేలమీద ఈడ్చినట్టుంది.

గొంతు డాక్టరు ఈజిప్టు పెద్దాయన. ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, నా స్వరతంత్రుల్ని టీవీ తెరమీద నాకే చూపించాడు. ఒకదానిమీద గింజంత బుడిపె.

"సిగరెట్లు కాలుస్తావా?" అనడిగాడు ఇంగ్లీషులో.

"కొంచెం," అన్నాను.

ఆయన కాగితం మీద చాలాసేపు రాశాడు. బుడిపె తీసేద్దాం, తీసింది పరీక్షకు పంపిద్దాం, పది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు అన్నాడు.

ఆ పది రోజులూ నాకొక నోటు పుస్తకమే నోరు. చిత్రమేమిటంటే, అసలు రాయాల్సింది ఒక్కటీ అందులో రాయలేదు. 'భయంగా ఉంది' అని రాయలేదు. 'కూరలో ఉప్పు తగ్గింది' అని రాశాను. 'గ్యాస్ సిలిండరు చెప్పావా' అని రాశాను. మా ఆవిడా అంతే. నా గొంతుకు ఏం కాదని గాని, అవుతుందని గాని అనేది కాదు. ఇల్లంతా ముందుకన్నా శుభ్రంగా తుడిచేది. తుడిచిందే మళ్లీ తుడిచేది.

పదకొండో రోజు డాక్టరు కవరు చింపి కాగితం చదివి, తలెత్తి నవ్వాడు. "ఖలాస్. మాఫీ ముష్కిలా," అన్నాడు. అంటే ఏ ఇబ్బందీ లేదు, అయిపోయింది అని. భయపడ్డ జబ్బు కాదు. అరిచి అరిచి వచ్చిన కాయ, అంతే.

మా ఆవిడ బయట నడవాలో కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంది. తర్వాత క్యాంటీనుకు వెళ్లి రెండు ఫలాఫెల్ శాండ్‌విచ్‌లు వరసగా తినేసింది. పది రోజులుగా ఆ మనిషి సరిగ్గా తినడం లేదని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరు ఒక షరతు పెట్టి పంపించాడు. "పాడుకో. అరిస్తే మాత్రం మళ్లీ నా దగ్గరికే వస్తావు."

బ్యాండువాళ్లు ఈలోగా ఒక ఫిలిప్పీనో గాయకుణ్ణి తెచ్చుకున్నారు. నాకు బాధ కలుగుతుందని గిటారు మిత్రుడు ఆ మాట చెప్పడానికి చాలా తంటాలు పడ్డాడు. నిజం చెప్పాలంటే, వినగానే హాయిగా అనిపించింది. ఎనిమిదేళ్లుగా నెత్తిన మోస్తున్న బస్తాను ఎవరో వచ్చి దించినట్టు.

"మరి నువ్వేం చేస్తావ్ భాయ్? గొంతు బాగైందిగా, ఊరికే కూర్చుంటావా?" అన్నాడతను.

"ఏం పాడను? అరవకూడదుగా."

"ఏసీలు బాగుచేసేటప్పుడు నీలో నువ్వు ఏదో పాడుకుంటుంటావే. ఆ మీ పాత పాటలు. అవి రికార్డు చేద్దాం. ఆల్బమ్ చేద్దాం. నా దగ్గర కంప్యూటరుంది, మంచి మైకుంది."

మా ఊరి బస్టాండు ఎదురుగా ఉండే టీ హోటలు రేడియోలో విన్న పాటలవి. నేను పుట్టకముందు సినిమాల్లోవి, మా అమ్మా నాన్నా పెళ్లి కాకముందు విన్నవి. తెలుగువాడికి వాటిని ఎవరూ నేర్పక్కర్లేదు. పదింటిని ఎంచుకున్నాను.

అతని ఫ్లాటులో లోపలి గదిని స్టూడియో చేశాం. గోడలకు పాత పరుపులు ఆనించి, కిటికీకి రెండు దుప్పట్లు వేలాడదీశాం. వచ్చిన చిక్కల్లా ఏసీతో. అది నడుస్తుంటే మైకులో హోరు. జూలై నెల. బయట నిప్పులు కురుస్తున్నాయి. జీవితమంతా ఏసీలు నడిపించడమే ఉద్యోగమైనవాణ్ణి, పాటకోసం నా చేత్తో నేనే ఏసీ ఆపేవాణ్ణి. ఒక పాట అయ్యేసరికి చొక్కా పిండితే నీళ్లు. మళ్లీ ఏసీ వేసి పావుగంట దాని ముందు నిలబడి, ఆపి, ఇంకో పాట. పక్కనే మసీదు కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం నమాజుకూ సాయంత్రపు అసర్ నమాజుకూ మధ్య దొరికిన సమయంలోనే పని. ఆ తర్వాత మైకులో అజాన్ వచ్చేస్తుంది.

మూడు పాటలు పాడాక గిటారు మిత్రుడు బ్రహ్మాండం అన్నాడు. అతనికి తెలుగు రాదు. ఇంటికి తెచ్చి మా ఆవిడకు వినిపించాను.

"బాగుందండీ," అంది.

పెళ్లైన మగవాడికి ఆ 'బాగుంది'లో రకాలు తెలుస్తాయి. ఇది కూర మాడినా మారు వడ్డించుకునేటప్పుడు నేననే 'బాగుంది' రకం.

"నిజం చెప్పు."

"నాకు చెప్పడం చేతకాదు. చెప్పగలిగే మనిషి ఒకావిడుంది. తీసుకొస్తాను," అంది.

అలా వచ్చింది అక్క. పశ్చిమ గోదావరి మనిషి. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో పద్నాలుగేళ్లుగా పని చేస్తోంది. ఆ ఇంటి పిల్లల్ని క్లినిక్‌కు తీసుకొచ్చినప్పుడు, ఏడ్చే పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని ఏదో కూనిరాగం తీస్తుంటే క్లినిక్‌లో మిగతా పిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లట. శుక్రవారం చర్చికి వెళ్లడానికి ఇంటి మామా, అంటే యజమానురాలు, సెలవిస్తుంది. ఆ సెలవులోనే ఒక గంట మిగుల్చుకుని, మా ఆవిడతో సాల్మియా వచ్చింది. నలభై దాటిన మనిషి, సన్నగా, నుదుటిదాకా చున్నీ కప్పుకుని ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని మొదటి పాట మొత్తం వింది. తీసేసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏమీ అనుకోకు తమ్ముడూ. గొంతు మంచిదే. కానీ పాటలో ఆ పిల్ల పక్కనే కూర్చునుంది గదా? నువ్వేంటి, గోదారి అవతలొడ్డునున్నట్టు కేకేత్తన్నావ్?"

నాకు కోపం రాలేదు. ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని మూడు వారాలుగా చూస్తున్నాననిపించింది.

"నువ్వైతే ఎలా పాడతావ్ అక్కా?"

ఆవిడ మైకు దగ్గరికి కూడా వెళ్లలేదు. తలుపుకు ఆనుకుని, నేలచూపులు చూస్తూ ఒక్క పల్లవి పాడింది. ఆ గదిలో ఉన్న ముగ్గురికే వినపడేంత. ఇంకొక్క అడుగు దూరంలో ఎవరైనా ఉంటే వాళ్లకు వినపడి ఉండదు. కానీ ఒక్క అక్షరం నలగలేదు, ఒక్క సంగతి జారలేదు. తెలుగు రాని గిటారు మిత్రుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎక్కడ నేర్చుకున్నావక్కా ఇది?"

"నేర్సుకోడం ఏవుంది? వచ్చిన కొత్తలో ఓ రోజు మజ్జాన్నం పాడుకుంటా గిన్నెలు తోముతున్నాను. పక్క గదిలో పెద్ద మామా పడుకుంది. లేచొచ్చి కోప్పడింది, పాపం ఆవిడకి నిద్దరపట్టదు. అప్పట్నించీ నాకు తప్ప ఇంకోళ్లకి ఇనబడకుండా పాడుకుంటన్నాను. అలా అలవాటైపోయింది."

పెద్ద మామా అంటే ఇంటి యజమానురాలి తల్లి అని మా ఆవిడ నాకు వివరించింది.

ఆ రోజు నుంచి నాకు అక్క దగ్గర చదువు మొదలైంది. ఆవిడ బడి వంటగది. నన్ను గిటారు మిత్రుడి వంటగదిలో సింకు ముందు నిలబెట్టి, చేతికి ఒక గిన్నె ఇచ్చేది. "పక్క గదిలో పెద్దామె పడుకునుంది. లేపకుండా పాడు. అలాగని మాట మింగెయ్యకూడదు. మాట మింగేత్తే నేను ఒప్పుకోను." గొంతు తగ్గిస్తే మాట పోయేది. మాట పట్టుకుంటే గొంతు లేచేది. లేచినప్పుడల్లా ఆవిడ చెంచాతో గట్టు మీద టక్కున కొట్టేది. ఎనిమిదేళ్లు వేలమంది ముందు పాడినవాణ్ణి, చెంచా చప్పుడుకు హడలిపోయేవాణ్ణి.

మూడో శుక్రవారానికి దారి దొరికింది. ఊపిరి గట్టిగా తోయక్కర్లేదు, వదిలితే చాలు. ఆపరేషన్ తర్వాత నా గొంతులో ఒక సన్నని జీర మిగిలిపోయింది. దాన్ని కప్పిపుచ్చాలని నేను తంటాలు పడుతుంటే, "ఉండనీ తమ్ముడూ. ఆ పాటలో ఆడికి మనసు బాలేదు గదా, గొంతు మాత్రం నున్నగా ఎలాగుంటాది?" అంది. పాత మూడు పాటలూ చెరిపేసి మళ్లీ పాడాను. ఇంటికి తెచ్చి వినిపిస్తే మా ఆవిడ 'బాగుంది' అనలేదు. "మళ్లీ పెట్టండి," అంది.

పదింటిలో ఒకటి యుగళగీతం. అలిగిన మొగుడూ పెళ్లాలు మాట కలుపుకునే పాట. ఆడగొంతు నువ్వే పాడాలక్కా అన్నాను.

"అయ్యబాబోయ్, నా గొంతు సీడీలోనా? చర్చిలో తప్ప ఎక్కడా పాడలేదు నేను," అని గడప దాటి వెళ్లిపోయింది. మెట్లు దిగుతూ ఆగి, "ఆ చరణం ఏ స్థాయిలో ఎత్తుకుంటావ్?" అనడిగింది. ఒప్పుకుందన్నమాట.

తర్వాతి శుక్రవారం ఆవిడ రాలేదు. ఫోను ఆపేసి ఉంది. పై శుక్రవారమూ రాలేదు. ఆ ఇంటి డ్రైవరు మలయాళీ. పిల్లాణ్ణి క్లినిక్‌కు తెచ్చినప్పుడు మా ఆవిడ అడిగితే, ఇంట్లో ఏదో గొడవైంది, ఆవిణ్ణి బయటికి పంపడం లేదు అని చెప్పాడు.

ఏం జరిగి ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పద్నాలుగేళ్లుగా ఒక్క మాట పడకుండా పనిచేసుకుంటున్న మనిషి, నా పాట మోజుకోసం ఉద్యోగం పోగొట్టుకుంటుందేమో. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దుచేసి ఇంటికి పంపించేస్తారేమో. గిటారు మిత్రుడు కూడా బెదిరిపోయాడు. ఆవిణ్ణి పనికి తెచ్చుకున్న యజమానికి, కఫీల్‌కు, చెప్పకుండా ఆవిణ్ణి ఇక్కడికి రానివ్వడం మన తప్పు భాయ్, ఆవిడ నేర్పిన పాటలన్నీ చెరిపేస్తాను అన్నాడు. చెరిపెయ్ అన్నాను.

"ఆగండి," అంది మా ఆవిడ. "ముందు నేను మాట్లాడనివ్వండి."

ఆ వారం పిల్లాడికి టీకా ఉంది. ఈసారి ఇంటి మామాయే స్వయంగా వచ్చింది. మా ఆవిడ టీకా వేసేసి, చేతులు కడుక్కుని, తనకొచ్చిన అరబ్బీలో సగం, ఇంగ్లీషులో సగం ఉన్నదున్నట్టు చెప్పేసిందట. అక్క పాట నేర్పడానికి వస్తోందని, ప్రతిసారీ తను వెంట ఉందని, తప్పు మాదేనని, ముందే అడగాల్సిందని.

"సాల్మియాలో ఆ మగవాడెవరు?" అని మామా ప్రశ్న.

"నా భర్త."

మామా మా ఆవిడ మొహంలోకి చూసి, "జుమ్మా. ఎన్నింటికి?" అందట. జుమ్మా అంటే శుక్రవారం.

శుక్రవారం మధ్యాహ్నం మేడమీది కిటికీ దుప్పటి ఒత్తిగించి చూస్తుంటే, తెల్లటి పెద్ద కారు వచ్చి ఆగింది. నల్లటి అబాయాలో మామా దిగింది. వెనకాలే అక్క. గిటారు మిత్రుడు మోకాళ్లు చిరిగిన ప్యాంటు మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తాడు.

మామా నాకన్నా చిన్నదే అయ్యుంటుంది. గోడల నిండా పరుపులు చూసి కనుబొమలెగరేసింది. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది. మా ఆవిడ జ్యూసు ఇస్తే పుచ్చుకుంది. ఇదంతా ఏమిటో చూపించమంది. మైకు, కంప్యూటరు, కాగితాలు చూపించాం. ఏసీ ఎందుకు ఆపుతున్నావని అడిగితే కారణం చెప్పాను. సరే కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది.

మొదటిసారి అక్క గొంతు వణికిపోయింది. నేల చూస్తూ ఎలాగో ముగించింది. మామా అరబ్బీలో గట్టిగా ఏదో అంది. అక్క మొహం ఎర్రబడింది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఆరోజు ఇంట్లో పాడినట్టు పాడమంటంది," అంది అక్క. అప్పుడు చెప్పింది అసలు సంగతి. యుగళగీతం సాధన చేస్తూ ఒళ్లు మరిచిపోయి, పద్నాలుగేళ్లలో మొదటిసారి వంటింట్లో గొంతెత్తి పాడేసిందట. మామా వచ్చి ఎవరికోసం ఈ పాట అని అడిగితే, అబద్ధం చెప్పడం చేతకాక, సాల్మియాలో తమ్ముడి కోసం అందట. నీకు తమ్ముడెక్కడున్నాడని మామాకు అనుమానం వచ్చి, ఫోను లాక్కుంది. ఒంటరి ఆడమనిషిని ఎవడో మోసం చేస్తున్నాడని ఆవిడ భయం. ఆలోచిస్తే, ఆవిడ స్థానంలో మా అమ్మ ఉన్నా అదే పని చేసేది.

రెండోసారి అక్క తలెత్తి పాడింది. ఆవిడ గొంతు పక్కన నా గొంతు చేరుతుంటే, మాట కలుపుకోవడం అంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసినట్టయింది. చివరి చరణంలో ఉండగా ఘల్లున చప్పుడైంది. మామా విసురుకుంటుంటే చేతి గాజులు మోగాయి. రికార్డింగు పాడైందని ఎవరం పైకి అనలేకపోయాం. ఆవిడే మా మొహాలు చూసి, గాజులన్నీ ఒక్కొక్కటే తీసి సంచిలో వేసుకుంది.

"యల్లా. మర్రా తానియా," అంది. ఇంకోసారి, కానివ్వండి అని.

ఆ మూడోసారి పాడిందే సీడీలో ఉంది. ఆఖరి మాట పూర్తయి, గిటారు తీగ మోత ఆగిన మరుక్షణం మసీదులో అసర్ అజాన్ మొదలైంది. గిటారు మిత్రుడు బటన్ నొక్కి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని పగలబడి నవ్వాడు. అంతవరకూ బిగబట్టుకున్న మా అందరికీ నవ్వొచ్చింది. ఏసీ వేశాం. మామా, అక్క, మా ఆవిడ, మేమిద్దరం అందరం ఏసీ ముందు నిలబడి చెమట ఆర్చుకున్నాం.

వెళ్తూ మామా అక్క ఫోను సంచిలోంచి తీసి ఆవిడ చేతికిచ్చింది. నావైపు తిరిగి మూడు మాటలు చెప్పింది. అట్టమీద అక్క ఫొటో ఉండకూడదు. పేరు ఉండకూడదు. తన ఇంటి మనిషి గురించి ఊళ్లో ఎవరూ ఆరాలు తియ్యకూడదు. అక్క వంక చూశాను. ఆవిడ నిమ్మళంగా తలూపింది. "పేరుతో నాకేం పని తమ్ముడూ? పాడాను గదా."

ఆవిడ పేరు లేనప్పుడు నా పేరు ఎందుకనిపించింది. చివరికి అట్టమీద ఎవరి పేరూ వెయ్యలేదు. మైకు బొమ్మ, పాటల వరస, కింద గిటారు మిత్రుడి ఫోను నంబరు, అంతే.

సీడీలు తెలుగువాళ్ల సమావేశాల్లో చేతులు మారాయి. చెవులు మూసుకున్న పెద్దమనుషులు కొందరు వచ్చి, ఇవి ఎవరు పాడారని నన్నే అడిగారు. నేను చెప్పలేదు. ఎనిమిదేళ్లు పేరు కోసం గొంతు చించుకున్నవాడికి, పేరు లేకుండా తిరగడంలో ఇంత సుఖముంటుందని తెలియదు.

ఐదారు నెలలకు గిటారు మిత్రుడి ఫోనుకు ఒక తెలుగు మనిషి ఫోను చేశాడు. మిత్రుడు అతనికి నా నంబరిచ్చాడు. వఫ్రాలో తోటపని చేసే మనిషి, మాటను బట్టి కడప వైపు అనుకున్నాను. ఎవరో లారీ డ్రైవరు ఇచ్చిన సీడీ అట.

"అన్నా, మీ పాటలు ఇంటాండాను. ఆ మొగుడూ పెండ్లాల పాటలో ఆడమనిషి గొంతుండాదే, ఎవరన్నా ఆయమ్మ? ఇంగా ఏమన్నా పాడిందా?"

"ఇంకేం లేవు తమ్ముడూ. ఒక్కటే పాడింది."

"అయ్యో," అని, అంతలోనే గుర్తొచ్చినట్టు, "మీరు పాడినేటివి గూడా బాగుండాయిలేన్నా," అన్నాడు మర్యాదగా.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. వెంటనే అక్కకు ఫోను చేసి, వఫ్రాలో నీకో అభిమాని ఉన్నాడక్కా, నన్ను లెక్కే చెయ్యలేదు అని చెప్పాను.

"ఆయ్, ఊరుకో," అంది. కానీ గొంతులో సంతోషం దాగలేదు. "ఇంతకీ ఏవన్నాడో అచ్చంగా అలాగే చెప్పు, ఆడి యాసలోనే చెప్పు." చెప్పాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. అవతల నుంచి ఎవరో పిలిచారు. "మామా పిలుత్తంది, ఉంటాను తమ్ముడూ," అని ఫోను పెట్టేసింది.